పట్టు, విడుపు

చిత్తాన్ని నిలుపుకోవడానికి పతంజలి మహర్షి రెండు ఉపాయాలను ఉపదేశించారు. ఒకటి అభ్యాసం, రెండవది వైరాగ్యం. భగవద్గీత ఆరవ అధ్యాయంలో మనస్సు తన వశంలో ఉండడం లేదని అర్జునుడు మొరపెట్టుకున్నప్పుడు శ్రీకృష్ణ భగవానుడు సూచించిన మార్గాలు కూడా ఈ రెండే. శాస్త్రం వీటిని జంటగా చెప్పినప్పటికీ సాధకలోకం విడదీసి చూడడానికి అలవాటుపడింది. అభ్యాసాన్ని యౌవనానికీ, వైరాగ్యాన్ని వార్ధక్యానికీ పంచిపెట్టింది. ముందు గట్టిగా పట్టుకోవాలి, విడిచిపెట్టడం సంగతి తరువాత చూసుకోవచ్చు అన్న భావన లోకంలో స్థిరపడిపోయింది.

ఈ విభజన సరియైనది కాదనీ, అభ్యాసం జరిగే ప్రతి క్షణంలోనూ విడుపు అంతర్భాగమై ఉండాలనీ కోనసీమలోని ఒక అర్చకస్వామి తమ అనుభవంలో గ్రహించారు. ఆయనకు ఈ పాఠం ఒక గిటారు నుంచి లభించింది. ఆశ్చర్యం కలిగించినా ఇది యథార్థం. సాధకులకు ఉపయుక్తమని భావించి ఆ వృత్తాంతం ఇక్కడ పొందుపరచబడుతున్నది.

ఆ అర్చకస్వామి వయస్సు యాభై ఎనిమిది సంవత్సరాలు. బాల్యంలోనే వేదపాఠశాలలో చేరి కృష్ణయజుర్వేదాన్ని ఘనాంతం అధ్యయనం చేశారు. తండ్రిగారి అనంతరం గౌతమీతీరంలోని ఒక విష్ణ్వాలయంలో ముప్పై సంవత్సరాలకు పైగా స్వామిని సేవిస్తున్నారు. ఒక ఆషాఢమాసపు ప్రాతఃకాలంలో, అభిషేకానికి నీళ్లు తెచ్చేందుకు బిందె ఎత్తబోగా ఎడమచేయి ఆయన మాట వినలేదు. పెదవి ఒక ప్రక్కకు జారింది. పక్షవాతమని వైద్యులు నిర్ధారించారు. సకాలంలో చికిత్స అందినందువల్ల మాట స్పష్టమయింది, నడక కుదుటపడింది. అధీతమైన మంత్రభాగంలో ఒక్క అక్షరం కూడా చెదరలేదు. ఎడమచేయి మాత్రం పూర్తిగా స్వాధీనం కాలేదు.

ఆ చేతిలో బలం కొంతవరకు తిరిగివచ్చింది. కానీ వచ్చిన బలం ఆజ్ఞకు లోబడలేదు. పిడికిలి దానంతట అదే బిగుసుకొనేది. వస్తువును అందిస్తే పట్టుకొనేది, విడువమంటే విడిచేది కాదు. కుడిచేతితో ఒక్కొక్క వేలినీ విప్పవలసి వచ్చేది.

అర్చకునికి ఎడమచేయి ఎంత ముఖ్యమో ఆలయసేవ ఎరిగినవారికి తెలుసు. హారతి సమయంలో కుడిచేతిలో హారతిపళ్లెం, ఎడమచేతిలో ఘంట ఉండాలి. ఘంట సుస్వరంగా మోగాలంటే మణికట్టు వదులుగా ఆడాలి. బిగుసుకున్న చేతిలో ఘంటానాదం గొంతు నొక్కినట్లు ఆగిపోయేది. అందువల్ల తమ్ముని కుమారుడు ప్రక్కన నిలబడి ఘంట మోగించేవాడు. గ్రామస్థులలో ఎవరూ ఆక్షేపించలేదు. ఆక్షేపణ ఆయన హృదయంలోనే పుట్టింది. అర్చకునికి అంగసౌష్ఠవం ఒక లక్షణమని ఆగమాలు చెబుతాయి కదా, నేను ఇంకా గర్భాలయంలో నిలబడదగినవాడినేనా అన్న సంశయం ఆయనను రాత్రింబవళ్లు బాధించింది.

ఒక రాత్రి ధర్మపత్నితో అన్నారు. "ధనుర్మాసం నాటికి ఈ చేయి దారికి రాకపోతే, సన్నిధిని పిల్లవాడికి అప్పగించి నేను తప్పుకుంటాను."

ఆవిడ కొంతసేపు మౌనంగా ఉండి అడిగింది. "అలాగని స్వామి అడిగారా? మీరే అనుకుంటున్నారా?"

ఆయన సమాధానం చెప్పలేదు.

కాకినాడలో వ్యాయామచికిత్స చేసే నిపుణుడు మొదట రబ్బరుబంతి ఇచ్చి నొక్కించాడు. కొన్ని వారాల తరువాత, ఈ చేతికి నొక్కడం కంటే వేళ్లు విడివిడిగా కదలడం ముఖ్యమని చెప్పి, ఏదైనా వాద్యం వాయించే అలవాటు ఉన్నదా అని ప్రశ్నించాడు. లేదని అర్చకస్వామి సమాధానమిచ్చారు. ఆ మాట హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్న కుమార్తె చెవిన పడింది. దసరా సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు, విద్యార్థిదశలో తాను నేర్చుకొని గోడకు తగిలించి వెళ్లిన గిటారును దింపి దుమ్ము దులిపింది.

"నాన్నగారూ, ఎడమచేతి వేళ్లకు ఇంత పని చెప్పేది మరొకటి లేదు. ఒకసారి పట్టుకొని చూడండి."

"ఈ వయస్సులో నాకు సంగీతమా, అమ్మా?"

"అరవై దాటిన పెద్దాయనకు మీరు రుద్రం సంత చెప్పలేదా? వయస్సు మీరిందని ఆయనను వెనక్కి పంపారా?"

ఆ తర్కానికి ప్రత్యుత్తరం లేదు. చికిత్స చేసే నిపుణుడు కూడా అంగీకరించాడు. రోజుకు రెండు పర్యాయాలు, పదేసి నిమిషాలు, నొప్పి కలిగితే వెంటనే ఆపాలి అని నియమం విధించాడు. మందులు, మిగిలిన వ్యాయామాలు యథావిధిగా కొనసాగాయి.

గిటారును ఒడిలో పెట్టుకోగానే అర్చకస్వామి దృష్టి దాని మెట్లపై నిలిచింది. మన వీణకు వాయించే తీగలు 4, తాళపు తీగలు 3, మైనంలో అమర్చిన మెట్లు 24. గిటారుకు తీగలు 6. దాని మెట్లు చెక్కలో దిగగొట్టిన లోహపు కడ్డీలు. పన్నెండవ మెట్టు వద్ద తీగ సరిగ్గా సగమవుతుంది. అక్కడ పలికేది తారషడ్జమం. షడ్జమం నుంచి షడ్జమం వరకు 12 స్వరస్థానాలన్నది రెండు వాద్యాలకూ సమానమే. భేదం ఉన్నది వాయించే పద్ధతిలో. మన సంగీతంలో స్వరం వెంట స్వరం ప్రవహిస్తుంది. గిటారులో అనేక స్వరాలు ఒకే క్షణంలో కలిసి పలుకుతాయి. ఆ స్వరసముదాయాన్ని కార్డ్ అంటారు. ఎడమచేతి వేళ్లు ఒక ఆకృతిని ధరించి తీగలను మెట్లపై అదిమి ఉంచగా, కుడిచేయి తీగలన్నింటినీ ఒకేసారి మీటుతుంది.

కొన్ని కార్డ్‌లు సులభమైనవి. ఇ మైనర్ అనే దానికి రెండు వేళ్లు చాలు. అర్చకస్వామి దానితో ఆరంభించారు. వేలికొసలు మొదట కంది, క్రమంగా గట్టిపడ్డాయి. తరువాత మూడు వేళ్లతో పట్టే సి అనే కార్డ్ కూడా అంతంతమాత్రంగా పలికింది. అటుపిమ్మట ఎఫ్ వచ్చింది. గిటారు నేర్చుకొనేవారిలో అనేకులు అభ్యాసం మానివేసేది ఈ కార్డ్ వద్దనే.

దీని నిర్మాణం ఇట్లా ఉంటుంది. తర్జని మొదటి మెట్టు వద్ద ఆరు తీగలకూ అడ్డంగా పరుండాలి. సన్నని తీగ నుంచి లెక్కించినప్పుడు మూడవ తీగను రెండవ మెట్టు వద్ద మధ్యమవ్రేలు పట్టుకోవాలి. అయిదవ తీగను అనామిక, నాలుగవ తీగను కనిష్ఠిక మూడవ మెట్టు వద్ద పట్టుకోవాలి. అన్నీ సక్రమంగా అమరితే లావుతీగ నుంచి సన్నతీగ వరకు స, ప, స, గ, ప, స అని ఆరు నాదాలు ఒక్కటై వినబడతాయి. గాంధారం పలికేది ఒక్క తీగపైనే. మధ్యమవ్రేలిని ఎత్తివేస్తే అదే తీగపై అంతరగాంధారం తొలగి సాధారణగాంధారం వస్తుంది. కార్డ్ భావమే మారిపోతుంది. ఒక వేలిపై ఇంత ఆధారపడి ఉన్నది.

మొదటి మెట్టు తీగలు ఆనుకొనే పట్టీకి మిక్కిలి సమీపంలో ఉంటుంది గనుక అక్కడ తీగ త్వరగా లొంగదు. ఒక్క వేలితో ఆరు తీగలను లొంగదీయాలని అర్చకస్వామి సర్వశక్తులూ ఒడ్డారు. రెండు తీగలు పలికాయి, నాలుగు మూగబోయాయి. మరింత గట్టిగా నొక్కారు. బొటనవ్రేలు వెనుకనుంచి గిటారు మెడను పిండివేసింది. పలికిన రెండు తీగలు కూడా మూగబోయాయి. ఒక సాయంకాలం చేయి బిగుసుకొని గిటారు మెడను వదలడం మానివేసింది. విడువమని ఆయన ఎంత సంకల్పించినా పిడికిలి మరింత బిగిసింది. వంటింటి నుంచి ధర్మపత్ని పరుగున వచ్చి ఒక్కొక్క వేలినీ విడదీసింది. ఆ వేళ్లను తన అరచేతిలో పెట్టుకొని నిమురుతూ, "ఇక చాలించండి" అన్నది. గిటారు మళ్లీ గోడ ఎక్కింది.

రెండు దినాలు గడిచాయి. మూడవనాడు పాఠశాల విద్యార్థి ఒకడు వల్లెవేస్తూ ఒకే స్థానంలో స్వరం తప్పడం ఆయన చెవిన పడింది. అనుదాత్తం ఉండవలసిన చోట గొంతు పైకి లేస్తున్నది. తప్పు తెలిసి, దానిని దిద్దుకోవాలన్న తాపత్రయంతో ఆ బాలుడు ఇంకా బిగ్గరగా, ఇంకా వేగంగా చదువుతున్నాడు. తప్పు మరింత దృఢపడుతున్నది. ఆయన పిల్లవానిని దగ్గరకు పిలిచి, తల మీద చేయి వేసి, ఆ ఒక్క పదాన్ని మెల్లగా, దాదాపు గుసగుసగా చెప్పించారు. రెండవసారికే స్వరం కుదిరింది.

బాలుడు వెళ్లిపోయిన తరువాత అర్చకస్వామి తమ ఎడమచేతిని చూసుకున్నారు. ఆయన గురువుగారు సంత చెప్పేటప్పుడు ఒక హెచ్చరిక చేసేవారు. ఆవృత్తికి ఒప్పు, తప్పు అన్న విచక్షణ లేదు. దేనిని ఆవృత్తి చేస్తే అదే సంస్కారమై నిలుస్తుంది. ఇన్ని దినాలుగా ఆయన చేయి ఎఫ్ కార్డ్‌ను అభ్యసించలేదు. బిగింపును అభ్యసించింది.

ఆ రాత్రి కుమార్తెకు ఫోన్ చేశారు. ఆమె తెరపై తండ్రి చేతిని చూస్తూ, ఒక్కొక్క తీగనూ విడిగా మీటమన్నది. అంతా విని నవ్వింది.

"నాన్నగారూ, చూపుడువేలు ఆరు తీగలనూ నొక్కాలని మీకెవరు చెప్పారు?"

"అడ్డంగా పెట్టమన్నావు కదమ్మా."

"పెట్టమన్నాను. అన్నింటినీ నొక్కమనలేదు. అయిదు, నాలుగు, మూడు తీగలను తక్కిన వేళ్లు పై మెట్లలో పట్టుకొనే ఉన్నాయి. వాటి మీద చూపుడువేలు నొక్కినా ఒకటే, నొక్కకపోయినా ఒకటే. దాని పని ఆరవ తీగ, రెండవ తీగ, ఒకటవ తీగ. మూడే."

"అయితే ఇన్నాళ్లూ తక్కిన మూడింటినీ ఎందుకు నొక్కాను?"

"అందరూ నొక్కుతారు నాన్నగారూ. నేనూ ఆరు నెలలు నొక్కాను."

సాధకులు ఈ సంభాషణను నిదానంగా మననం చేయాలి. ఆరు తీగలలో మూడు అప్పటికే ఇతరుల సంరక్షణలో ఉన్నాయి. వాటి భారం కూడా తనదేనని తర్జని భ్రమించింది. ఆ భ్రమ వల్ల తన బలంలో సగాన్ని ఫలితం లేని చోట వ్యయం చేసి, తన కర్తవ్యమైన మూడు తీగల వద్ద దుర్బలమయింది. సంసారంలో జీవుని స్థితి ఇంతకంటే భిన్నంగా ఉన్నదా? ఈశ్వరుడు మరొకరికి అప్పగించిన కార్యాలను కూడా తానే మోస్తున్నానని తలచి, తనకు అప్పగించిన దానిని చేయలేక అలసిపోతున్నాడు. కర్తృత్వాభిమానమని శాస్త్రం దేనిని అంటున్నదో, అది ఆ వేలిలో ప్రత్యక్షంగా కనబడింది.

అయితే విడుపు అనగా అలసత్వం అని భావించరాదు. మధ్యమవ్రేలిని ఎత్తివేసి ఎఫ్ మైనర్ పట్టవలసి వచ్చినప్పుడు మూడవ తీగకు వేరే రక్షకుడు లేడు. అప్పుడు దానిని కూడా తర్జనియే నొక్కాలి. నిన్న విడువదగినది నేడు పట్టదగినది అవుతుంది. ఎక్కడ పట్టాలో, ఎక్కడ విడవాలో నిర్ణయించేది వివేకం. వివేకం లేని పట్టు మొండితనం, వివేకం లేని విడుపు సోమరితనం.

కుమార్తె మరికొన్ని మెలకువలు చెప్పింది. తర్జనిని మెత్తని భాగంతో కాక, బొటనవ్రేలి వైపుకు స్వల్పంగా ఒరిగించి ఎముక ఆనేటట్లు ఉంచాలి. వేళ్లు మెట్టుకు వెనుకగా, దానిని దాదాపు ఆనుకొని ఉండాలి. మెట్టుకు దూరమయిన కొద్దీ ఎక్కువ బలం కావాలి. తీగలన్నింటినీ ఒక స్వరం మేరకు దించి శ్రుతి చేస్తే బిగువు తగ్గుతుంది. అన్నింటికంటే ముఖ్యంగా, మొదటి మెట్టు వద్ద ఆరంభించరాదు. అదే ఆకృతిని అయిదవ మెట్టు వద్ద పట్టడం చాలా సులభం. అక్కడ కుదిరిన తరువాత నాలుగు, మూడు, రెండు అని క్రిందికి దిగాలి. ఆకృతి ఒక్కటే, స్థానం మారితే కార్డ్ పేరు మారుతుంది. అయిదవ మెట్టు వద్ద అది ఎ, మూడవ మెట్టు వద్ద జి, మొదటి మెట్టు వద్ద ఎఫ్. సోపానక్రమం లేని సాధన నిలువదని ఎరిగిన ఘనపాఠికి ఈ పద్ధతి వెంటనే నచ్చింది.

ఆయన స్వయంగా మరొక నియమం కల్పించుకున్నారు. ఒక శ్వాసకాలం నొక్కడం, రెండు శ్వాసల కాలం విడువడం. లెక్కను కుడిచేతి కణుపులపై ఉంచేవారు. నొక్కిన పర్యాయాలను లెక్కించలేదు. పూర్తిగా విడిచిన పర్యాయాలను మాత్రమే లెక్కించారు. వేళ్లు తీగలను వీడి, అరచేయి తెరచుకొని, బిగువు మోచేతి వరకు సడలితేనే ఒక సంఖ్య. మొదటినాడు పది నిమిషాలలో నాలుగు సంఖ్యలు మాత్రమే దక్కాయి.

ఒకనాడు కుమార్తె జాంగో రైన్‌హార్ట్ అనే కళాకారుని కథ చెప్పింది. ఆయన 1910 లో బెల్జియం దేశంలో, సంచారజీవనం గడిపే రోమానీ కుటుంబంలో జన్మించాడు. 1928 లో, పద్ధెనిమిదేళ్ల ప్రాయంలో, పారిస్ సమీపంలో వారు నివసించే బండిలో మంటలు చెలరేగాయి. భార్య అమ్మకానికి తయారుచేసిన సెల్యులాయిడ్ పూలు ఆ మంటలను క్షణంలో వ్యాపింపజేశాయి. ఎడమచేతి అనామిక, కనిష్ఠిక కాలి, ముడుచుకొని, దాదాపు నిరుపయోగమయ్యాయి. కాలు తొలగించాలన్న వైద్యుల సూచనకు ఆయన అంగీకరించలేదు. నెలల తరబడి మంచంపై ఉండగా సోదరుడు తెచ్చి ఇచ్చిన గిటారుపై ఆయన మళ్లీ ఓనమాల నుంచి ఆరంభించాడు. రాగవిస్తారమంతా తర్జని, మధ్యమవ్రేళ్లతోనే సాగించాడు. కార్డ్‌లు పట్టేటప్పుడు ముడుచుకున్న వేళ్లు ఎంత చేయగలవో అంతే వాటినుంచి స్వీకరించి, తన చేతికి అనువుగా కార్డ్‌ల ఆకృతులనే మార్చుకున్నాడు. 1934 లో స్టెఫాన్ గ్రాపెల్లి అనే వయొలిన్ విద్వాంసునితో కలిసి పారిస్‌లో ఆయన నెలకొల్పిన బృందం జగద్విఖ్యాతమయింది. 1953 లో మరణించేవరకు ఆయన వాదనను విన్నవారు రెండు వేళ్ల లోపాన్ని గుర్తించలేదు, రెండు వేళ్ల వైభవాన్ని గుర్తించారు.

అర్చకస్వామి ఆ కథ విని చాలాసేపు మాట్లాడలేదు. "కాలిన వేళ్ల కోసం ఆయన ఏడ్వలేదా అమ్మా?" అని మాత్రం అడిగారు.

"ఏడ్చే ఉంటాడు నాన్నగారూ. కానీ పాత చేయి వచ్చేవరకు ఆగలేదు."

పూర్వపు చేయి తిరిగిరావాలన్న కోరికనే ఇంతకాలం సాధన అని తాను భ్రమించినట్లు ఆయనకు అప్పుడు స్ఫురించింది. ఆ కోరిక కూడా ఒక బిగింపే.

ఒక కార్డ్ నుంచి మరొక కార్డ్‌కు మారడం మరొక క్లేశం. కార్డ్ కుదిరినా సంధి కుదరదు. ఇక్కడ ఆయనకు వేదవిద్యయే మార్గం చూపింది. క్రమపాఠంలో మొదటి పదాన్ని రెండవదానితో, రెండవదానిని మూడవదానితో జతపరుస్తూ సాగుతారు. జటలో ఆ రెండు పదాలను అనులోమంగా, విలోమంగా, తిరిగి అనులోమంగా పలుకుతారు. వేదాక్షరం ఒక్కటి కూడా జారిపోకుండా పూర్వులు అల్లిన రక్షణకవచాలివి. మంత్రం మంత్రమే, దానిని వాద్యంతో పోల్చే సాహసం ఆయన చేయలేదు. కానీ సంధులను శోధించే ఆ పద్ధతిని మాత్రం గ్రహించారు. సి-ఎఫ్, ఎఫ్-జి, జి-సి అని క్రమం. సి-ఎఫ్, ఎఫ్-సి, సి-ఎఫ్ అని జట.

జటలో ఏడెనిమిది ఆవృత్తులు గడిచేసరికి ఆయన వేళ్లు ఆగిపోయాయి. సి కార్డ్‌లో అనామిక అయిదవ తీగపై మూడవ మెట్టు వద్ద ఉన్నది. ఎఫ్ కార్డ్‌లోనూ అనామిక అక్కడే ఉన్నది. తర్జని కూడా మొదటి మెట్టును వీడవలసిన పని లేదు. నిలబడి ఉన్నది పరుండాలి, అంతే. నిజంగా స్థానం మారేది మధ్యమవ్రేలు. క్రొత్తగా వచ్చి చేరేది కనిష్ఠిక. ఇన్ని దినాలూ ఆయన మార్పు అనగానే నాలుగు వేళ్లనూ గాలిలోకి ఎత్తి, ఉన్నచోటును పోగొట్టుకొని, మళ్లీ దానినే వెదికేవారు. అన్నీ మారుతున్నట్లు తోచే చోట మారనిదేదో చూసుకొని దానిపై నిలబడితే, మార్పు భయంకరంగా ఉండదు. వేదాంతులు నిత్యానిత్యవస్తువివేకమని పేర్కొనే దానికి ఇది అత్యల్పమైన ఛాయ. ఛాయ అయినా వస్తువును సూచిస్తుంది.

అర్చకుని ఇంట పాశ్చాత్యవాద్యం ఏమిటని ఒకరిద్దరు గుసగుసలాడకపోలేదు. ఆయన వాదానికి దిగలేదు. వయొలిన్ కూడా యూరప్ నుంచి వచ్చినదేననీ, ముత్తుస్వామి దీక్షితులవారి సోదరులు బాలుస్వామి దీక్షితులు దానిని నేర్చి కర్ణాటకసంగీతంలో ప్రవేశపెట్టారనీ, విజయనగరంలో ద్వారం వెంకటస్వామి నాయుడుగారి చేతిలో అది మన తెలుగువారి వాద్యమే అయిందనీ ఒక పెద్దమనిషికి గుర్తుచేశారు. "నాకు విద్వాంసుడిని కావాలని లేదు బాబూ. వేలు ఎత్తడం నేర్చుకుంటున్నాను" అన్నారు.

ధనుర్మాసం వచ్చింది. అప్పటికి ఆయన సాధన మూడవ మెట్టు వరకు దిగింది. మొదటి మెట్టు ఇంకా దూరంగానే ఉన్నది. ఆయన విధించుకున్న గడువు మాత్రం వచ్చేసింది.

మొదటి దినం బ్రాహ్మీముహూర్తంలో గర్భాలయం ముందు పదిమంది భక్తులు చలికి ముడుచుకొని నిలబడ్డారు. హారతి వెలిగించి కుడిచేతిలోకి తీసుకున్న తరువాత, ఆయన తమ్ముని కుమారుని వైపు చూసి ఎడమచేయి చాచారు. పిల్లవాడు ఒక్క క్షణం తటపటాయించి ఘంటను అందించాడు. ఆయన దానిని పిడికిట బిగించలేదు. బొటనవ్రేలు, మొదటి రెండు వేళ్లు మాత్రమే ఘంటను పట్టుకున్నాయి. తక్కిన రెండు వేళ్లు ఊరకే ఆని ఉన్నాయి. మణికట్టు కదిలింది. ఘంట మోగింది. పూర్వపు ధారాళత లేదు, లయ అక్కడక్కడ తడబడింది. అయినా నాదం గొంతు తెరచుకొని గర్భాలయమంతా నిండింది.

హారతి సగం పూర్తయ్యేసరికి మోచేతి నుంచి బిగింపు మొదలయింది. ఆరు నెలల క్రితమైతే ఆయన పంతంతో కొనసాగించి ఉండేవారు. చేయి బిగుసుకొని ఉండేది. అప్పుడు ఆయన శ్వాస విడిచి, ఎడమచేతిని ప్రక్కకు చాచి, వేళ్లు తెరిచారు. ఒక్కొక్కటిగా, వాటంతట అవే తెరచుకున్నాయి. ఘంట పిల్లవాని అరచేతిలోకి జారింది. నాదం దాదాపు తెగకుండానే కొనసాగింది. హారతి పూర్తయింది.

భక్తులు తీర్థప్రసాదాలు స్వీకరించి వెళ్లారు. వారిలో ఎవరికీ విశేషం ఏమీ జరిగినట్లు తోచలేదు. ద్వారం వద్ద నిలబడిన ధర్మపత్ని మాత్రం చీరచెంగుతో కళ్లు ఒత్తుకున్నది. ఘంట మోగినందుకు అనుకున్నారు అర్చకస్వామి. "మోగినందుకు కాదు, మీ చేయి దానిని వదిలినందుకు" అన్నదావిడ.

సన్నిధి విడిచి తప్పుకోవాలన్న ప్రసంగం మళ్లీ ఆ ఇంట వినబడలేదు. తప్పుకోవడమూ, అంటిపెట్టుకోవడమూ కూడా తన నిర్ణయమేనని అనుకున్నంతకాలం ఆ సంశయం ఆయనను పీడించింది. సేవ స్వామిది. అందులో మూడు తీగలు తనవి, మూడు తీగలు పిల్లవానివి. నేటికీ హారతిలో పూర్వార్ధం ఆయన ఘంట మోగిస్తారు, ఉత్తరార్ధం ఆ యువకుడు మోగిస్తాడు.

ఎఫ్ కార్డ్ సంగతి కూడా చెప్పాలి. మరుసటి ఉగాది నాటికి అది మొదటి మెట్టు వద్ద పలికింది. అయిదు తీగలు స్పష్టంగా, ఒకటవ తీగ మాత్రం కొంచెం మూగగా. ఇప్పటికీ అంతే. కొన్ని దినాలు ఆ తీగ కూడా పలుకుతుంది, కొన్ని దినాలు పలకదు. గిటారే తనకు నయం చేసిందని ఆయన ఎన్నడూ అనరు. వైద్యం, వ్యాయామం, భగవదనుగ్రహం తమ తమ పని చేశాయంటారు. గిటారు తనకు ఒక్క విషయం నేర్పిందంటారు. చేయి తెరవడానికి కూడా అభ్యాసం కావాలి.

జపంలో కూర్చున్న సాధకుడు మనస్సును బలవంతంగా అదిమిపట్టి, అది జారిపోగానే మరింత అదిమి, కొన్ని నెలలకు అలసి ఆసనం చుట్టిపెట్టడం లోకంలో తరచుగా జరిగేదే. అట్టివారు ఒక్క ప్రశ్న వేసుకోవాలి. నేను నొక్కుతున్న ఆరింటిలో నా వంతు ఎన్ని? తక్కినవాటిని ఎవరు పట్టుకొని ఉన్నారు? రేపటి జపంలో నామాల సంఖ్యతో పాటు, ఎన్నిసార్లు బిగువు గమనించి సడలించుకోగలిగారో అది కూడా లెక్కించి చూడండి. మొదటినాడు నాలుగే దక్కవచ్చు. నిరుత్సాహపడవలసిన పని లేదు. కోనసీమలోని ఆ ఘనపాఠికి కూడా మొదటినాడు నాలుగే దక్కాయి.

స్వస్తి.